కఫం చేసే పని

ఒక అగ్గిపుల్ల గీయండి. భగ్గుమన్న ఆ మొదటి క్షణంలో ముక్కుకు ఒక ఘాటు తగులుతుంది. కళ్ళు చికిలిస్తాం, తల పక్కకు తిప్పుకుంటాం, మరుక్షణం మరిచిపోతాం. ఆ ఘాటు గంధకానిది. పుల్ల తల మీది మందులో పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు ఉంటాయి. పెట్టె పక్కనున్న గరుకు పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. రెండూ రాసుకున్నప్పుడు గంధకం మండి సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఇది నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. కాబట్టి ముక్కులోకి వెళ్ళగానే అక్కడి తడిపొర దాన్ని పట్టేసుకుంటుంది. కుదురుగా కూర్చుని ముక్కుతో గాలి పీల్చే మనిషిలో ఆ వాయువు దాదాపుగా ముక్కులోనే ఆగిపోతుంది. అదే మనిషి బరువు మోస్తూ నోటితో రొప్పుతుంటే ఆ కాపలా తప్పిపోయి వాయువు నేరుగా గొట్టాల్లోకి దిగుతుంది. అప్పుడు ఛాతీ పట్టేస్తుంది, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది.

ముక్కులో ఆ వాయువును ఆపిన పదార్థాన్నే చీమిడి అని చీదరించుకుంటాం. అదే ఛాతీలోంచి వస్తే తెమడ, గళ్ళ, కఫం. రెండిటికీ కలిపి శ్లేష్మం అని పేరు. ఒంట్లో ఇంత పని చేస్తూ ఇంత చెడ్డపేరు మోసే పదార్థం మరొకటి లేదని నా నమ్మకం.

మీరు గీసిన పుల్ల తమిళనాడులోని శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతంలో తయారై ఉండే అవకాశమే ఎక్కువ. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు యువకులు అగ్గిపెట్టెల పని నేర్చుకోవడానికి శివకాశి నుంచి కలకత్తా వెళ్ళారు. తిరిగివచ్చి పెట్టిన పరిశ్రమ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. శివకాశి ఇప్పుడు విరుదునగర్ జిల్లాలో ఉంది. కోవిల్‌పట్టి పక్కనున్న తూత్తుకుడి జిల్లాలోది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, నేలంతా నల్లరేగడి. అక్కడివాళ్ళు ఈ నేలను కరిసల్ కాడు అంటారు. గాలిలో తేమ తక్కువ కాబట్టి అగ్గిపెట్టెలు, టపాకాయలు త్వరగా ఆరుతాయి. ఆ పరిశ్రమలు ఇక్కడ వేళ్ళూనడానికి అదొక కారణం.

తెలుగువాళ్ళకు ఈ నేల పరాయిది కాదు. ఆముక్తమాల్యద కథ నడిచిన శ్రీవిల్లిపుత్తూరు విరుదునగర్ జిల్లాలోనే ఉంది. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాలెగాళ్ళ ఇళ్ళలో తెలుగే మాట్లాడేవారు. కమ్మ నాయుళ్ళు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, దేవాంగులు, అరుంధతీయులు ఈ పల్లెల్లో నేటికీ ఉన్నారు. చాలా కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం నడుస్తాయి. పొలంలో పత్తి, పట్నంలో నూలు మిల్లు, ఇంకో పక్క అగ్గిపెట్టెల కర్మాగారం, సంతలో ఎండుమిర్చి, ఊరి చివర సర్కారు తుమ్మను బొగ్గుగా కాల్చే బట్టీలు. ఈ గాలిలో బతికే ముక్కుకూ ఊపిరితిత్తులకూ పని ఎక్కువ. శ్లేష్మం గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు తట్టలేదు.

ముందు అది ఏమిటో చూద్దాం. ఆరోగ్యవంతుడి శ్వాసనాళాల్లోని శ్లేష్మంలో 97 శాతం దాకా నీరే. మిగిలిన కొద్దిలో లవణాలు, కొవ్వులు, రకరకాల ప్రోటీన్లు ఉంటాయి. దానికి జిగట తెచ్చేవి మ్యూసిన్లు అనే పొడవాటి ప్రోటీన్లు. ఒక్కో మ్యూసిన్‌కు ఒళ్ళంతా చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. దాని బరువులో పెద్ద భాగం ఆ చక్కెరలదే. ఈ చక్కెరలు నీటిని పట్టి ఉంచుతాయి. నాళాల గోడల్లోని గోబ్లెట్ కణాలు, వాటి కింద ఉండే చిన్న గ్రంథులు మ్యూసిన్లను తయారుచేస్తాయి. కణం లోపల అవి గట్టిగా ముడుచుకుని ఉంటాయి. బయటికి రాగానే నీరు పీల్చుకుని క్షణాల్లో కొన్ని వందల రెట్లు ఉబ్బుతాయి.

ఎంత నీరు ఉందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. కోవిల్‌పట్టి వేరుశనగ చిక్కీ, అదే కడలై మిఠాయి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఆ మిఠాయి చేసేవాళ్ళు బెల్లం పాకాన్ని ఎలా చూస్తారో శ్లేష్మాన్నీ అలా చూడాలి. పాకంలో నీరు ఇంకాస్త ఇంకిందంటే తీగపాకం ఉండపాకం అయిపోతుంది, గరిటె తిరగదు. శ్లేష్మంలో ఘనపదార్థం మామూలుగా 2, 3 శాతం చుట్టూ ఉంటుంది. అది 6, 7 శాతానికి పెరిగితే కఫం నాళం గోడకు అంటుకుపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందో 2012లో అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు స్పష్టంగా చూపించారు. నాళం గోడ మీది కణాలకు సిలియా అనే సన్నటి నూగు ఉంటుంది. నూగు చుట్టూ మ్యూసిన్లతో నిండిన పలుచని తడి మడుగు ఉంటుంది. దాని పైన శ్లేష్మం పొర ఉంటుంది. పైపొర చిక్కబడితే కింది మడుగులోని నీటిని లాగేసుకుని నూగును అణగదొక్కేస్తుంది. నూగు కదలకపోతే కఫం కదలదు.

ఆ నూగు చేసే పని కళ్ళతో చూడవలసిందే. ఒక్కో కణం మీద సుమారు 200 సిలియా, ఒక్కొక్కటి మిల్లీమీటరులో 150వ వంతు పొడవు. సెకనుకు 10 నుంచి 15 సార్లు కొడతాయి. ముందుకు నిటారుగా, గట్టిగా కొడతాయి. వెనక్కి వచ్చేటప్పుడు వంగి, మెత్తగా వస్తాయి. అందుకే శ్లేష్మం ఒక్క దిశలోనే కదులుతుంది. ఊపిరితిత్తుల నుంచి పైకి, ముక్కు నుంచి వెనక్కి, రెండూ గొంతులో కలుస్తాయి. శ్వాసనాళంలో ఈ ప్రయాణం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల వేగంతో సాగుతుంది. గొంతు చేరిన శ్లేష్మాన్ని మనకు తెలియకుండానే మింగేస్తాం. ముక్కు, సైనస్‌లు కలిసి రోజుకు అర లీటరుకు పైగా తయారుచేసినా ఎవరికీ అది గుర్తుకు రాదంటే కారణం ఇదే.

చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఈ నూగు పనితీరును చాలా తేలికైన పరీక్షతో చూస్తారు. చిన్న సాకరిన్ గుళికను ముక్కులో ముందు భాగాన, గోడకు ఆనించి పెడతారు. తుమ్మకుండా, చీదకుండా కూర్చోమంటారు. మామూలు మనిషికి 10 నుంచి 20 నిమిషాల్లో గొంతులో తీపి తెలుస్తుంది. సిలియా గుళిక రుచిని అంత దూరం మోసుకెళ్ళాయన్నమాట. అరగంట దాటినా తీపి తెలియకపోతే ఆ ముక్కులో నూగు దెబ్బతిన్నదని అర్థం. పొగతాగేవారిలో ఈ సమయం పెరగడం ఎన్నో పరిశీలనల్లో కనిపించింది.

ఈ పొర పట్టే దుమ్ము ఏది, వదిలేది ఏది? 10 మైక్రాన్ల కంటే పెద్ద రేణువులు చాలావరకు ముక్కులోనే చిక్కుతాయి. అంతకంటే చిన్నవి శ్వాసనాళపు కొమ్మల్లో, మలుపుల దగ్గర శ్లేష్మానికి అతుక్కుంటాయి. 2.5 మైక్రాన్ల లోపువి గాలిగదుల దాకా వెళ్ళగలవు. ఆ గదుల్లో శ్లేష్మం ఉండదు. ఉంటే ఆమ్లజని రక్తంలోకి దాటలేదు. అక్కడ మాక్రోఫేజ్ కణాలు రేణువులను మింగి, కొన్ని మెల్లగా పైకి పాకి శ్లేష్మంలో చేరతాయి. బొగ్గు బట్టీ దగ్గర పనిచేసే మనిషి తెమడలో నల్లటి చారలు కనిపించడానికి మసితోపాటు ఈ కణాలూ కారణమే.

విరుదునగర్ పప్పులకూ, నూనెకూ, ఎండుమిర్చికీ పేరున్న వ్యాపార కేంద్రం. మిర్చి బస్తాలు దించే చోట నిలబడితే ముక్కు కారకుండా ఉండదు. మిరపలోని కాప్సైసిన్ ముక్కు పొరలోని నరాల చివర్లను తాకుతుంది. ఆ చివర్లలో ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడినీ పట్టుకుంటుంది, కాప్సైసిన్‌నూ పట్టుకుంటుంది. అందుకే మిరప మంటలా అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నరం నుంచి కబురు అందగానే ముక్కులోని గ్రంథులు నీళ్ళలాంటి పలుచని స్రావాన్ని వదులుతాయి. అందులో జిగట తక్కువ, కడిగే గుణం ఎక్కువ. కారంగా తిన్నప్పుడు ముక్కు కారడం కూడా ఇదే. అది జలుబు కాదు, మందు వాడాల్సిన పని లేదు.

కడగడం, పట్టుకోవడం, మోసుకుపోవడం. శ్లేష్మం పని ఇంతటితో అయిపోదు, అది చంపుతుంది కూడా. 1921 చివర్లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కు జలుబు చేసింది. తన ముక్కు శ్లేష్మాన్నే ఒక గాజు పళ్ళెంలో వేసి పెంచితే, దాని చుట్టూ ఉన్న పసుపుపచ్చ బాక్టీరియా కరిగిపోయి కనిపించింది. అందులోని పదార్థానికి లైసోజైమ్ అని పేరు పెట్టి 1922లో ప్రకటించాడు. బాక్టీరియా గోడను కత్తిరించే ఎంజైమ్ అది. కన్నీళ్ళలో, లాలాజలంలో, గుడ్డు తెల్లసొనలో కూడా ఉంటుంది. పెన్సిలిన్ దొరకడానికి ఆరేడేళ్ళ ముందే ఆయన ఈ రక్షణను చీమిడిలో చూశాడు. దీనితోపాటు ఇనుమును పట్టేసి క్రిములకు అందకుండా చేసే లాక్టోఫెరిన్, ఐజీఏ రకం ప్రతిదేహాలు కూడా శ్లేష్మంలో ఉంటాయి. ఇటీవలి సంవత్సరాల్లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో కాథరీనా రిబెక్ బృందం ఇంకో సంగతి చూపించింది. మ్యూసిన్ల మీది చక్కెరలు కొన్ని క్రిములను చంపకుండానే వాటి దుడుకును తగ్గిస్తాయి. గుంపుకట్టకుండా, విషం వదలకుండా చేస్తాయి.

జీర్ణాశయం తన ఆమ్లానికి తానే అరిగిపోకుండా ఉన్నదంటే శ్లేష్మం వల్లే. పెద్దపేగులో శ్లేష్మం రెండు పొరలుగా ఉండి, లోపలి పొరలోకి బాక్టీరియాను రానివ్వదు. ఆ కథ వేరే అధ్యాయమంత ఉంది. ఇక్కడ ఊపిరితిత్తులతోనే ఉందాం.

ఇప్పుడు పత్తి దగ్గరికి వస్తాను. ఈ అధ్యాయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

కరిసల్ నేల పత్తి నేల. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1901లో మొదలైంది. అక్కడి కరుంగణ్ణి పత్తి రకాలకు పాత పేరుంది. ఊళ్ళో నూలు మిల్లులు 19వ శతాబ్దం చివరి నుంచే ఉన్నాయి. మిల్లులో దుమ్ము అంతటా ఒకేలా ఉండదు. బేళ్ళు విప్పి పత్తిని చీల్చి దులిపే బ్లో రూమ్‌లో, దువ్వెన పళ్ళ మీద పీచును సాపుచేసే కార్డింగ్‌లో ఎక్కువ. దారం వడికే విభాగం చేరేసరికి తగ్గుతుంది. హాని చేసేది శుభ్రమైన పీచు కాదు. కాయ అడుగున ఎండిపోయిన రక్షక పత్రాల పొడి, ఆకుముక్కలు, మట్టి, వాటి మీద పెరిగిన బాక్టీరియా పెంకుల్లోని ఎండోటాక్సిన్ హాని చేస్తాయి.

దీనివల్ల వచ్చే జబ్బు బిస్సినోసిస్. దాని లక్షణం చాలా విచిత్రంగా ఉంటుంది. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజు, షిఫ్టు మొదలైన కొన్ని గంటలకు ఛాతీ బిగుసుకుంటుంది. దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గిపోతుంది. మనిషి దాన్ని ఎండ అనో, సెలవు రోజు తిండి అనో సరిపెట్టుకుంటాడు. కొన్నేళ్ళకు రెండో రోజూ వస్తుంది. ఆ తర్వాత వారమంతా. చివరికి ఇంట్లో పడుకున్నా తెమడ, ఆయాసం వదలవు. ఆ దశలో పరీక్షించిన వైద్యుడికి అది మామూలు దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌లాగే కనిపిస్తుంది. ఆ మనిషి ఎక్కడ పనిచేశాడో అడగకపోతే కారణం మరుగున పడిపోతుంది. జనపనార, అవిసె నార దువ్వేవారి దగ్గును ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లోనే రాశాడు. వైద్యుడు రోగిని ఏ పని చేస్తావని కూడా అడగాలని చెప్పినవాడూ ఆయనే. 1950లలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లుల్లో రిచర్డ్ షిల్లింగ్ ఈ జబ్బుకు దశలు నిర్ణయించాడు. వారంలో ఎన్ని రోజులు ఛాతీ పడుతుంది అన్నదే ఆ కొలత.

ఇక్కడ శ్లేష్మం చేస్తున్నదేమిటి? తన పని తాను చేస్తోంది. దుమ్ము పడ్డ కొద్దీ గోబ్లెట్ కణాల సంఖ్య పెరుగుతుంది, గ్రంథులు లావెక్కుతాయి. 1960లో లిన్ రీడ్ అనే పాథాలజిస్టు శ్వాసనాళపు గోడ మందంలో గ్రంథి ఎంత భాగం ఆక్రమించిందో కొలిచే సూచిక ఇచ్చింది. మామూలుగా 0.4 లోపు ఉంటుంది. దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌లో అది దాటిపోతుంది. ఏటా కనీసం 3 నెలలపాటు, వరుసగా రెండేళ్ళు, వేరే కారణం లేకుండా తెమడతో దగ్గు ఉంటే దాన్ని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు. ఏళ్ళ తరబడి పనిభారం పెంచితే కాపలావాడి కొలువు కూటమే పెద్దదై దారి మూసుకుపోతుంది. అలాంటి మనిషికి కఫం ఆపే మందు ఇచ్చి మళ్ళీ అదే దుమ్ములోకి పంపడం వైద్యం కాదు.

ఈ జబ్బు తప్పించగలిగినది. మన దేశంలో చట్టం నిర్ణయించిన వృత్తి వ్యాధుల జాబితాలో బిస్సినోసిస్ ఉంది. అంటే దాన్ని గుర్తించిన వైద్యుడు ప్రభుత్వానికి తెలియజేయాలి. అమెరికాలో 1978లో నూలు తయారీ విభాగాల గాలిలో ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు మించి పత్తి దుమ్ము ఉండకూడదని నిబంధన తెచ్చారు. మిల్లు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1981లో కోర్టు కార్మికుల పక్షాన నిబంధనను నిలబెట్టింది. ఆ తర్వాత అక్కడ జబ్బు బాగా తగ్గిపోయింది. దుమ్మును పుట్టిన చోటే లాగేసే పంకాలు, యంత్రాల మీద మూతలు, ఏటా ఊపిరి పరీక్ష, దుమ్ము విభాగంలో ఛాతీ పట్టినవాళ్ళకు వేరే విభాగంలో పని. ఇవేవీ కొత్తగా కనిపెట్టవలసినవి కావు.

మిల్లుకు పోని స్త్రీల ఊపిరితిత్తులూ దీనికి దూరం కాదు. సర్కారు తుమ్మ కట్టెలతో, కిటికీ లేని వంటగదిలో ఏళ్ళ తరబడి వండినవాళ్ళలో సిగరెట్ ముట్టకపోయినా దీర్ఘకాలిక బ్రాంకైటిస్ వస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే దగ్గు మామూలే అని వాళ్ళు ఫిర్యాదు కూడా చేయరు. గ్యాసు సిలిండరు వచ్చిన ఇళ్ళలో కూడా నీళ్ళు కాచడానికి, జంతువుల మేత ఉడికించడానికి కట్టెల పొయ్యి మిగిలే ఉంటుంది. ఆ పొయ్యిని ఆరుబయటికి మార్చినా ఎంతో మేలు.

తెమడ రంగు గురించి మన దగ్గర గట్టి నమ్మకాలున్నాయి. పచ్చగా వస్తే యాంటీబయాటిక్ వాడాలన్నది అందులో ముఖ్యమైనది. ఆ పచ్చదనం బాక్టీరియాది కాదు, మన తెల్ల రక్తకణాలదే. న్యూట్రోఫిల్ కణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. దానిలోని ఇనుము ఉన్న భాగం ఆకుపచ్చగా ఉంటుంది. ఎన్ని న్యూట్రోఫిల్స్ చేరి చితికితే అంత పచ్చ. వైరస్ జలుబులో కూడా మూడో నాలుగో రోజుకు చీమిడి చిక్కబడి పచ్చబడటం మామూలే. 2011లో వెలువడిన ఒక అధ్యయనం 13 ఐరోపా దేశాల్లో దగ్గుతో వచ్చిన 3 వేలకు పైగా పెద్దవాళ్ళను పరిశీలించింది. తెమడ రంగు మారినవాళ్ళకు వైద్యులు యాంటీబయాటిక్స్ ఎక్కువగా రాశారు. కాని రాసినందువల్ల వాళ్ళు త్వరగా కోలుకోలేదు. మన మందుల షాపుల్లో చీటీ లేకుండా కొనే అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ మాత్రల్లో ఎన్ని ఈ పచ్చరంగును చూసి భయపడి కొన్నవో ఆలోచించండి. తుప్పురంగు తెమడ, అధిక జ్వరం, ఊపిరి తీస్తే నొప్పి ఉంటే న్యుమోనియా కావచ్చు. గులాబీరంగు నురగతో ఆయాసం వస్తే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమో, క్షణం ఆలస్యం చేయకూడదు. ఎర్రగా నెత్తురు పడితే ఎంత కొద్దిగా ఉన్నా చూపించుకోవాలి.

నెత్తురు అనగానే మనకు గుర్తొచ్చేది క్షయ. తెమడ ఈ చోట రోగమూ కాదు, రక్షణా కాదు, సాక్ష్యం. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని ప్రకటించాక, తెమడను గాజుపలక మీద చూసి జబ్బు తేల్చడం సాధ్యమైంది. ఆ పరీక్ష దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. పొద్దున లేచాక నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతుల్లోంచి దగ్గి, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలో ఊయాలి. ఉమ్మి పనికిరాదు, జిగటగా ముద్దలా ఉండాలి. ప్రయోగశాలలో దాన్ని గాజుపలక మీద పరిచి, ఆరబెట్టి, ఎర్రని కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిర్లు వచ్చేదాకా కింద నుంచి వేడి చేస్తారు. తర్వాత ఆమ్లంతో కడుగుతారు. ఇతర క్రిముల రంగు వెలిసిపోతుంది, క్షయ క్రిమి మాత్రం మైనపు పూత ఉండటం వల్ల ఎరుపు వదలదు. చివర నీలిరంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో నీలి నేపథ్యం మీద సన్నని ఎర్రటి కడ్డీలు కనిపిస్తే క్షయ. ఇలా కనిపించాలంటే మిల్లీలీటరు తెమడలో 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. తక్కువ ఉంటే తప్పిపోతుంది. అందుకే ఇప్పుడు క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ పరీక్షలు వచ్చాయి. మందులకు లొంగని క్రిమినీ ఇవి అప్పుడే పట్టుకుంటాయి.

దక్షిణాదిన క్షయ చరిత్ర అంతా ఇలాంటి డబ్బాల చుట్టూ నడిచింది. తెలుగువాళ్ళకు మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం తెలుసు. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి తప్ప వేరే దారి లేదనుకున్న రోజుల్లో 1915లో మొదలైంది. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఒక కేంద్రాన్ని స్థాపించాయి. 193 మంది రోగులను రెండుగా విడదీసి సగం మందికి శానిటోరియంలో, సగం మందికి వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే అవే మందులు ఇచ్చారు. ఏడాదిపాటు తెమడను పదేపదే పరీక్షించారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇళ్ళలో, పేద తిండితో ఉన్నవాళ్ళూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు. వాళ్ళ కుటుంబాల్లో జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు. మంచం లేని పేదవాడికి కూడా క్షయ నయమవుతుందని ప్రపంచానికి చెప్పిన పరిశోధన మద్రాసుదే. అది ఇప్పుడు జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో 1923లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ చిన్నవయసులో క్షయతో బాధపడ్డారు. బతికి బయటపడి, వ్యవసాయం చేసి, ఆంధ్ర నుంచి వలసవచ్చిన తన పూర్వీకుల కథను ‘గోపల్ల గ్రామం’గా రాశారు. 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. 2021 మే 17న కన్నుమూసేసరికి ఆయన వయసు 97 దాటింది. ఆ కాలంలో క్షయ సోకి తిరిగిరానివాళ్ళు ఇంకెందరో, వాళ్ళు రాయవలసినవి ఏమేమి పోయాయో అనిపిస్తుంది.

పిల్లల మాట చెప్పాలి. “మింగెయ్యకురా, ఊసెయ్” అని అవ్వలు అదిలిస్తారు. ఊయడం నేర్పడంలో తప్పులేదు, కాని మింగినా ప్రమాదం లేదు. కడుపులో ఆమ్లం, ఎంజైములు దాన్ని అరిగించేస్తాయి. చిన్నపిల్లలకు తెమడ ఊయడం రాదు కాబట్టే, క్షయ అనుమానం వచ్చినప్పుడు వైద్యులు పరగడుపున సన్నని గొట్టంతో కడుపులోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. రాత్రంతా మింగిన కఫం అందులో ఉంటుంది. పాలు తాగితే కఫం పెరుగుతుందన్న నమ్మకాన్ని 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పరీక్షించారు. జలుబు వైరస్ సోకించిన 60 మంది తాగిన పాలకూ వాళ్ళ ముక్కుస్రావం బరువుకూ సంబంధం కనిపించలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో కాసేపు చిక్కగా అనిపించడం నిజమే. అది కఫం కాదు. జలుబు చేసిన పిల్లకు పాలు మాన్పించి బలహీనపరచకండి.

దగ్గు సిరప్ విషయంలో నాకు భయముంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా ప్రాంతంలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన సిరప్ తాగి పసిపిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ఆ సిరప్ తయారైంది తమిళనాడులోనే. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ళలోపువాళ్ళకు సాధారణంగా సిఫార్సు చేయబోమని చెప్పింది. పిల్లల జలుబుకు మందు అక్కర్లేదు. ఉప్పునీటి చుక్కలతో ముక్కు శుభ్రం చేయడం, తాగడానికి ద్రవాలు, ఏడాది దాటినవాళ్ళకు పడుకునే ముందు కొంచెం తేనె చాలు. ఆవిరి పట్టడం హాయిగా ఉంటుంది గాని జబ్బు రోజులు తగ్గించదు. మరుగుతున్న గిన్నె ఒలికి పిల్లలు కాలిపోవడం మాత్రం నిజంగా జరుగుతుంది.

పెద్దవాళ్ళలో చిక్కబడ్డ కఫాన్ని పలుచన చేసే మందులకు మూలం మన పెరట్లో ఉన్నది. అడ్డసరం ఆకులోని వాసిసిన్ నుంచి బ్రోమ్‌హెక్సిన్, దాని నుంచి అంబ్రాక్సాల్ వచ్చాయి. కరిసల్ పల్లెల్లో ఆడాతొడై అనే ఈ అడ్డసరం కషాయం, తూదువళై రసం ఇప్పటికీ పెడతారు. జలుబుకు అవి హాయినిస్తే తాగండి. మిల్లు దుమ్ముతో వచ్చిన ఆయాసానికి, క్షయకు అవి చాలవు. ఉప్పు సంగతి ఇంకోటి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బులో లవణం, నీరు కణాల బయటికి రాక కఫం బంకలా గట్టిపడుతుంది. సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసే ఆస్ట్రేలియా రోగులకు ఊపిరి మెరుగ్గా ఉండటం వైద్యులు గమనించారు. ఉప్పు కఫంలోకి నీటిని లాగుతుంది. గాఢమైన ఉప్పునీటి తుంపరలను పీల్చడం ఆ రోగులకు మేలని 2006లో రెండు పరిశోధనలు రుజువు చేశాయి. ఇది వైద్యుడి పర్యవేక్షణలో చేసే చికిత్స, ఇంట్లో ప్రయోగించేది కాదు.

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, నెత్తురు ఉంటే రెండు వారాలు ఆగాల్సిన అవసరం కూడా లేదు. మిల్లులో, అగ్గిపెట్టెల గదిలో, మిర్చి మండీలో పనిచేసేవాళ్ళు వైద్యుడు అడగకపోయినా తమ పని ఏమిటో, సెలవు తర్వాతి రోజు ఛాతీ పడుతుందో లేదో తామే చెప్పాలి. తెమడ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. క్షయ తేలితే మందులూ ఉచితం, చికిత్స సాగినంతకాలం తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో పడతాయి.